ఆటగాడు కాదు.. బట్టల కొట్టు ఓనర్! ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌కు తేదీలు ఖరారు చేసిన విలియం మెక్‌గ్రెగర్ కథ ఇదీ

శనివారం రాత్రి ఏడున్నర.. చలికాలమైతే ఎనిమిదిన్నర. హైదరాబాద్‌లో అయినా, విశాఖలో అయినా ప్రీమియర్ లీగ్ చూసే కుర్రాళ్లకు ఈ టైమ్ బాగా అలవాటు. అప్పుడు ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం మూడు గంటలు. ఏ జట్టు ఎవరితో ఆడుతుంది, ఏ రోజు ఆడుతుంది, ఎవరి గ్రౌండ్‌లో ఆడుతుంది.. ఈ లిస్టు మొత్తం ఆగస్టులో సీజన్ మొదలవ్వడానికి ముందే, జూన్‌లోనే చేతికి వచ్చేస్తుంది. టీవీ కోసం తేదీలు కాస్త అటూఇటూ జరగొచ్చు గానీ, మ్యాచ్ మాత్రం జరిగి తీరుతుంది.

ఇందులో వింతేముంది అనిపించొచ్చు. కానీ 1888కి ముందు ఇంగ్లండ్‌లో పరిస్థితి ఇలా లేదు. మ్యాచ్ ఉందని చెప్పేవారు. జనం వచ్చేవారు. తీరా చూస్తే అవతలి జట్టు వచ్చేది కాదు. వచ్చినా సగం మంది అసలు ఆటగాళ్లు ఉండేవారు కాదు. ఈ గందరగోళానికి తెర దించింది ఏ స్టార్ ప్లేయరో, ఏ కోచో కాదు. బర్మింగ్‌హామ్‌లో బట్టల కొట్టు నడుపుకునే ఒక స్కాట్లాండ్ మనిషి. పేరు విలియం మెక్‌గ్రెగర్. ఫుట్‌బాల్ లీగ్ పితామహుడిగా చరిత్రలో నిలిచిపోయారు. అసలు ఎవరీయన? బట్టలు అమ్ముకునే మనిషికి ఫుట్‌బాల్ షెడ్యూల్‌తో పనేంటి? వివరాల్లోకి వెళ్దాం.

పల్లె నుంచి బర్మింగ్‌హామ్‌కు..

మెక్‌గ్రెగర్ 1846 ఏప్రిల్ 13న స్కాట్లాండ్‌లోని పెర్త్‌షైర్‌లో బ్రాకో అనే చిన్న ఊళ్లో పుట్టారు. కుర్రతనంలోనే పెర్త్ పట్టణంలో ఒక బట్టల వ్యాపారి దగ్గర పనికి కుదిరి మెళకువలు నేర్చుకున్నారు. 1870లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ చేరుకున్నారు. అప్పటికే ఆయన సోదరుడు అక్కడ ఉన్నారు. ఆస్టన్ ప్రాంతంలో సమ్మర్ లేన్ అనే వీధిలో బట్టల కొట్టు తెరిచారు. వ్యాపారం నిలదొక్కుకుంది.

అప్పటి బర్మింగ్‌హామ్ అంటే వర్క్‌షాపుల ఊరు. గుండీలు, పెన్ను పాళీలు, తుపాకులు, ఇనుప సామాన్లు.. ఏ సందు చూసినా ఏదో ఒకటి తయారయ్యేది. వారమంతా చెమటోడ్చే కార్మికులకు శనివారం మధ్యాహ్నం ఒక్కటే కాస్త ఊపిరి పీల్చుకునే టైమ్. దీని వెనక ఒక చట్టం కూడా ఉంది. 1850లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం ప్రకారం బట్టల మిల్లుల్లో శనివారం మధ్యాహ్నం రెండు గంటలకల్లా పని ఆపేయాలి. ఆ తర్వాత ఈ ఒంటిపూట పని అలవాటు మిగతా పనులకూ పాకింది. రెండింటికి పని దిగి, ఇంత తిని, గ్రౌండ్‌కు చేరుకుంటే మూడవుతుంది. శనివారం మూడు గంటల మ్యాచ్ అనే అలవాటు ఇలా పుట్టిందే.

ఆస్టన్‌లో 1874లో ఒక చర్చి క్రికెట్ టీమ్ కుర్రాళ్లు చలికాలంలో ఖాళీగా ఉండలేక ఒక ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకున్నారు. అదే ఆస్టన్ విల్లా. అందులో జార్జ్ రామ్సే అనే స్కాట్లాండ్ ఆటగాడు చేరి, బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ఆడే పద్ధతి నేర్పించాడు. సొంత ప్రాంతం వాళ్ల ఆట కనిపించేసరికి మెక్‌గ్రెగర్ అటు వైపు ఆకర్షితులయ్యారు. 1877 నుంచి క్లబ్ పనుల్లో పూర్తిగా మునిగిపోయారు.

ఆటగాడిగా ఆయనకు పేరేమీ లేదు. కానీ అంపైరింగ్ చేశారు, కమిటీలో కూర్చున్నారు, లెక్కలు చూశారు, ఆ తర్వాత క్లబ్ పెద్దల్లో ఒకరయ్యారు. ఆయన కొట్టు ఫుట్‌బాల్ పిచ్చోళ్లందరికీ అడ్డాగా మారిపోయింది. గుబురు గడ్డం, నిండైన విగ్రహం, నవ్వు ముఖం. మందు ముట్టని మనిషి, చర్చికి వెళ్లే మనిషి. మాటిస్తే తప్పరు అనే పేరుంది. తర్వాత ఆయన సాధించిన దానికి ఈ పేరే పెట్టుబడి అయింది.

జీతాలు ప్రతి వారం.. మ్యాచ్‌లు మాత్రం డౌటే!

1885 జులైలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్.. అంటే ఎఫ్ఏ.. ఒక పెద్ద నిర్ణయం తీసుకుంది. ఆటగాళ్లకు డబ్బులివ్వడం ఇక తప్పు కాదని తేల్చేసింది. అప్పటిదాకా చాటుమాటుగా సాగిన వ్యవహారం బయటికొచ్చింది. దాంతో క్లబ్బులకు కొత్త తలనొప్పి మొదలైంది. ప్రొఫెషనల్ ఆటగాడికి వారం వారం జీతం ఇవ్వాలి. మరి ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? గేటు దగ్గర జనం ఇచ్చే చిల్లర నుంచే రావాలి. టీవీ హక్కుల్లేవు, స్పాన్సర్లు లేరు. మ్యాచ్ జరిగితేనే డబ్బు.

ఇక్కడే అసలు చిక్కు. అప్పట్లో గట్టి పోటీ అంటే ఎఫ్ఏ కప్పు, దాంతో పాటు ఊరూరా ఉన్న జిల్లా కప్పులు. ఇవన్నీ నాకౌట్లే. ఓడితే ఇంటికే. మిగతా శనివారాలన్నీ ఫ్రెండ్లీ మ్యాచ్‌లతో నింపుకోవాలి. క్లబ్ కార్యదర్శులు ఉత్తరాలు రాసుకుని తేదీలు ఖరారు చేసుకునేవారు. అయితే కప్పు మ్యాచ్ డ్రా అయి మళ్లీ ఆడాల్సి వస్తే? ఆ వారం ఫ్రెండ్లీ రద్దు. ప్రత్యర్థి జట్టు కప్పులో అనుకోకుండా ముందుకెళ్తే? ఆ ఫ్రెండ్లీ కూడా గల్లంతే. ఇంకెక్కడైనా ఎక్కువ గేటు డబ్బు వచ్చే మ్యాచ్ దొరికితే? ఇచ్చిన మాటను పక్కన పెట్టేయడమే. అడిగే నాథుడు లేడు.

పోనీ కప్పు మ్యాచ్‌లన్నీ రసవత్తరంగా ఉండేవా అంటే అదీ లేదు. 1887 అక్టోబర్‌లో ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టు హైడ్ అనే చిన్న క్లబ్‌ను ఎఫ్ఏ కప్పులో 26-0 తేడాతో చిత్తు చేసింది. ఇవాళ్టికీ అది కప్పు రికార్డే. రికార్డు సంగతి సరే.. అలాంటి మ్యాచ్‌లు చూడటానికి ప్రతి వారం జనం ఎందుకొస్తారు?

ఆ ఏడాదే, అంటే 1887లో, ఆస్టన్ విల్లా వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌ను 2-0తో ఓడించి మొదటిసారి ఎఫ్ఏ కప్పు గెలిచింది. క్లబ్‌కు పేరొచ్చింది. అయినా కప్పు గెలిచిన జట్టుకు కూడా వచ్చే నెల మొదటి శనివారం మ్యాచ్ ఉంటుందో లేదో తెలియని పరిస్థితి. కొట్టులో కూర్చుని లెక్కలు చూసుకునే మెక్‌గ్రెగర్‌కు ఇది అస్సలు మింగుడుపడలేదు. సరుకు వస్తుందని చెప్పి గిరాకీని పిలిచి, చివరికి ఖాళీ అల్మారా చూపిస్తే ఆ కొట్టు ఎన్నాళ్లు నడుస్తుంది? పైగా సమ్మర్ లేన్‌లో ఆయన దగ్గర బట్టలు కొనేవాళ్లు, శనివారం గ్రౌండ్‌కు వచ్చేవాళ్లు ఒకే బాపతు జనం. వాళ్లకు వారంలో దొరికేది ఆ ఒక్క పూటే. ఆ పూట వృథా అయితే ఎంత కోపం వస్తుందో ఆయనకు బాగా తెలుసు.

ఒక్క ఉత్తరం.. మొత్తం మార్చేసింది

1888 మార్చి 2, శుక్రవారం. మెక్‌గ్రెగర్ ఒక ఉత్తరం రాశారు. బ్లాక్‌బర్న్ రోవర్స్, బోల్టన్ వాండరర్స్, ప్రెస్టన్ నార్త్ ఎండ్, వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ క్లబ్బులకు పంపించారు. ఐదో కాపీ ఎవరికో తెలుసా? సొంత క్లబ్ ఆస్టన్ విల్లాకే! తన క్లబ్ తరఫున కాకుండా అందరి తరఫునా మాట్లాడుతున్నానని చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి ఉండదు.

ఉత్తరంలో విషయం చాలా సింపుల్. మంచి మ్యాచ్‌లు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. చివరి నిమిషంలో రద్దులతో క్లబ్బులు, జనం ఇద్దరూ నష్టపోతున్నారు. కాబట్టి ఇంగ్లండ్‌లోని పది పన్నెండు పెద్ద క్లబ్బులు ఒక్కటై, ప్రతి సీజన్‌లో ఒకరితో ఒకరు రెండేసి మ్యాచ్‌లు ఆడాలి. ఒకటి సొంత గ్రౌండ్‌లో, ఇంకోటి అవతలి వాళ్ల గ్రౌండ్‌లో. తేదీలు ముందే అందరూ కూర్చుని ఖరారు చేసుకోవాలి. ఇంకా ఎవరెవరిని పిలవాలో మీరే చెప్పండని కూడా అడిగారు.

మూడు వారాల్లోనే మొదటి సమావేశం జరిగింది. మార్చి 23, శుక్రవారం రాత్రి, లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోని యాండర్టన్స్ హోటల్. ఆ రోజే ఎందుకంటే, తెల్లారితే ఎఫ్ఏ కప్పు ఫైనల్. వెస్ట్ బ్రామ్‌విచ్, ప్రెస్టన్ తలపడుతున్నాయి. ఫుట్‌బాల్ పెద్దలంతా ఎలాగూ లండన్‌లోనే ఉంటారు కదా అన్నది లెక్క. అయితే దక్షిణాది క్లబ్ ఒక్కటీ ఇందులో చేరలేదు. అక్కడ అప్పటికి ప్రొఫెషనల్ ఆటంటేనే చాలామందికి చిన్నచూపు.

ఆ తర్వాత ఏప్రిల్ 17, మంగళవారం, మాంచెస్టర్‌లోని రాయల్ హోటల్‌లో రెండో భేటీ. మిల్లులు, రైల్వే లైన్లు, ఆట పిచ్చి.. మూడూ ఉన్న ఉత్తరాది, మధ్య ఇంగ్లండ్ క్లబ్బులకు మాంచెస్టరే అందరికీ దగ్గర. అక్కడే లీగ్ అధికారికంగా పుట్టింది. పేరు దగ్గర మాత్రం చిన్న పేచీ. మెక్‌గ్రెగర్‌కు లీగ్ అనే మాట నచ్చలేదు. అప్పట్లో ఐర్లాండ్‌లో కౌలు రైతుల తరఫున పోరాడిన ల్యాండ్ లీగ్ పేరు బాగా మార్మోగుతోంది. జనం దానికీ దీనికీ ముడిపెడతారేమోనని ఆయన భయం. ఆయన సూచించింది యూనియన్ అనే పేరు. కానీ చివరికి ఫుట్‌బాల్ లీగ్ అనే పేరే ఖాయమైంది. తన మాట నెగ్గలేదని ఆయన అలగలేదు, పక్కకు తప్పుకోలేదు. తొలి అధ్యక్షుడిగా బాధ్యత తీసుకున్నారు.

22 తేదీలు.. 12 క్లబ్బులు

ఇప్పుడు అసలు పాయింట్‌కు వద్దాం. తొలి లీగ్‌లో 12 క్లబ్బులే ఎందుకు? సమాధానం క్యాలెండర్‌లో ఉంది.

అప్పట్లో ఫుట్‌బాల్ సీజన్ అంటే సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఎండాకాలం మొత్తం క్రికెట్‌ది. చాలాచోట్ల గ్రౌండ్లు, ఆటగాళ్లు కూడా ఇద్దరికీ ఉమ్మడే. ఫ్లడ్‌లైట్లతో లీగ్ మ్యాచ్‌లు లేవు కాబట్టి రోజు వెలుతురులోనే ఆట ముగించాలి. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడిపోయే దేశం అది. దాంతో చలికాలంలో మ్యాచ్ టైమ్ ముందుకు జరిపేవారు. ఉన్న శనివారాల్లో ఎఫ్ఏ కప్పుకు కొన్ని, జిల్లా కప్పులకు కొన్ని తీసేయాలి. అన్నీ పోగా లీగ్ కోసం మిగిలినవి 22 తేదీలు. 12 క్లబ్బులైతే ఒక్కో జట్టుకు 11 మంది ప్రత్యర్థులు, రెండేసి మ్యాచ్‌లు.. సరిగ్గా 22. పదమూడో క్లబ్‌కు చోటే లేదు.

ఆ 12 ఇవే.. లాంకషైర్ నుంచి అక్రింగ్టన్, బ్లాక్‌బర్న్ రోవర్స్, బోల్టన్, బర్న్‌లీ, ఎవర్టన్, ప్రెస్టన్. మధ్య ఇంగ్లండ్ నుంచి ఆస్టన్ విల్లా, డెర్బీ కౌంటీ, నాట్స్ కౌంటీ, స్టోక్, వెస్ట్ బ్రామ్‌విచ్, వోల్వర్‌హాంప్టన్ వాండరర్స్. అటు ఆరు, ఇటు ఆరు.

చోటు దొరకని క్లబ్బులకు ఇది మింగుడుపడని విషయమే. ఎందుకంటే పెద్ద జట్లన్నీ తమలో తామే 22 తేదీలు పంచేసుకుంటే, బయట ఉన్నవాళ్లకు మంచి ప్రత్యర్థులు దొరకరు. గేటు పడిపోతుంది. మెక్‌గ్రెగర్ ఉత్తరం కొందరికి భరోసా ఇస్తే, ఇంకొందరికి తలుపు వేసేసింది. ఇది నిజం, దాచాల్సిన పనిలేదు.

బయట ఉన్న క్లబ్బుల్లో ఇరవై కలిసి ఆ ఏడాదే కాంబినేషన్ అనే మరో సంఘం పెట్టుకున్నాయి. ఇవాళ్టి మాంచెస్టర్ యునైటెడ్ అప్పుడు న్యూటన్ హీత్ పేరుతో అందులోనే ఉండేది. ఒక్కో క్లబ్ మరో ఎనిమిది క్లబ్బులతో ఆడాలని రూల్. కానీ ఎవరు ఎప్పుడు ఆడుతున్నారో, ఎవరు ఎన్ని గెలిచారో చూసే కేంద్ర వ్యవస్థ లేదు. తేదీలు ఎవరికి వారే చూసుకోవాలి. ఫలితం.. సీజన్ పూర్తి కాకుండానే 1889 ఏప్రిల్‌లో అది మూతపడింది. అంటే క్లబ్బులు కలవడం ఒక్కటే సరిపోదు. తేదీలు రాసిపెట్టి, వాటిని అందరిచేతా పాటించేలా చేసే మనిషి కావాలి. లీగ్‌కు, కాంబినేషన్‌కు తేడా అక్కడే వచ్చింది.

లీగ్ రూల్స్‌లో గట్టి పట్టు కూడా అదే. ఏ కప్పు మ్యాచ్ అడ్డొచ్చినా లీగ్ మ్యాచ్ రద్దు చేయకూడదు. ఆడే ప్రతి మ్యాచ్‌లో పూర్తి బలం ఉన్న జట్టునే దింపాలి. ఇవాళ చదివితే ఇవి మరీ మామూలు మాటల్లా ఉంటాయి. అప్పటికి మాత్రం ఎవరూ పాటించని మాటలు.

మొదటి శనివారం ఏం జరిగింది?

1888 సెప్టెంబర్ 8, శనివారం. లీగ్ చరిత్రలో మొదటి రోజు. ఐదు మ్యాచ్‌లు, పది జట్లు. బ్లాక్‌బర్న్, నాట్స్ కౌంటీ మాత్రం తర్వాతి వారం రంగంలోకి దిగాయి.

బోల్టన్ సొంత గ్రౌండ్‌లో డెర్బీ మీద 3-0 ఆధిక్యంలోకి దూసుకెళ్లి, చివరికి 3-6తో ఓడిపోయింది. ప్రెస్టన్ 5-2తో బర్న్‌లీని, ఎవర్టన్ 2-1తో అక్రింగ్టన్‌ను ఓడించాయి. స్టోక్ గ్రౌండ్‌లో వెస్ట్ బ్రామ్‌విచ్ 2-0తో గెలిచింది. మరి మెక్‌గ్రెగర్ విల్లా? వోల్వర్‌హాంప్టన్‌తో 1-1 డ్రా. అందులో విల్లా మీద పడిన గోల్ సొంత డిఫెండర్ గెర్షమ్ కాక్స్ పొరపాటున తన వలలోకే కొట్టుకున్నది! లీగ్ చరిత్రలో మొట్టమొదటి గోల్ అదేనని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. పాపం, లీగ్ పెట్టిన మనిషి క్లబ్‌కే ఆ మచ్చ. చివరికి అప్పటి పేపర్లలో మ్యాచ్‌లు మొదలైన టైమ్‌లు పోల్చి చూశాక లెక్క మారింది. బోల్టన్ ఆటగాడు కెన్నీ డేవెన్‌పోర్ట్ 3 గంటల 47 నిమిషాలకు కొట్టిందే మొదటి గోల్ అని పరిశోధకులు తేల్చారు. వందేళ్లు దాటాక కాక్స్‌కు విముక్తి దొరికింది.

ఇంకో విచిత్రం. సీజన్ మొదలైపోయింది గానీ, పాయింట్లు ఎలా ఇవ్వాలో మాత్రం తేలలేదు! గెలుపులు మాత్రమే లెక్కపెడదామని కొందరు, డ్రాకు కూడా ఏదో ఒకటి ఇద్దామని మరికొందరు. చివరికి నవంబర్‌లో గెలిస్తే 2, డ్రా అయితే 1 అని ఖరారు చేశారు. దాదాపు శతాబ్దం పాటు ఇంగ్లండ్‌లో ఇదే నడిచింది. 1981లోనే గెలుపుకు 3 పాయింట్లు వచ్చాయి. దీన్నిబట్టి అర్థమయ్యేది ఒకటే. వాళ్లు ముందు పట్టుకున్నది పాయింట్లను కాదు.. తేదీలను. ఛాంపియన్ ఎవరన్నది తర్వాత, ముందు మ్యాచ్ జరగాలి.

మొత్తం 132 మ్యాచ్‌లూ జరిగాయి. ప్రెస్టన్ 18 గెలిచి, 4 డ్రా చేసుకుని, ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 40 పాయింట్లతో ఛాంపియన్ అయింది. ఆ సీజన్‌లో ఎఫ్ఏ కప్పును కూడా ఒక్క గోల్ ఇవ్వకుండా ఎగరేసుకుపోయింది. విల్లా 29 పాయింట్లతో రెండో స్థానం. 12 పాయింట్లతో స్టోక్ ఆఖరు.

కింది నాలుగు జట్లు ప్రతి ఏడాదీ మళ్లీ ఓట్లు అడుక్కోవాలి. 1890లో స్టోక్ ఓటింగ్‌లో చోటు పోగొట్టుకుంది. దాని జాగాలో సండర్‌ల్యాండ్ వచ్చింది. తొలి పన్నెండులో ఉన్న అక్రింగ్టన్ కథ ఇంకా విషాదం. 1893లో లీగ్ నుంచి తప్పుకుంది, 1896కల్లా క్లబ్బే లేకుండా పోయింది. షెడ్యూల్ అందరికీ ఒకటే గానీ, దాన్ని మోసే స్తోమత అందరికీ ఒకేలా ఉండదు.

పెరిగిన లీగ్.. మారని మనిషి

కాంబినేషన్ కూలిపోయాక బయట ఉన్న క్లబ్బులు 1889లో ఫుట్‌బాల్ అలయన్స్ పేరుతో మరో పోటీ మొదలుపెట్టాయి. ఈసారి లీగ్‌ను చూసి నేర్చుకున్నాయి. నిలబడ్డాయి. 1892లో ఆ అలయన్స్ లీగ్‌లో కలిసిపోయింది. దాంతో సెకండ్ డివిజన్ పుట్టింది. నాలుగేళ్ల కిందట వేసిన తలుపు అలా తెరుచుకుంది. 1905 నాటికి రెండు డివిజన్లలో కలిపి 40 క్లబ్బులు అయ్యాయి. దక్షిణాది క్లబ్బులూ ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి.

మెక్‌గ్రెగర్ 1890ల మొదట్లోనే లీగ్ పగ్గాలు వేరేవాళ్లకు అప్పగించారు. ఆ తర్వాత లీగ్ ఆయనను తొలి జీవితకాల సభ్యుడిగా ఎన్నుకుని గౌరవించింది. ఆయనకు ఒక విషయంలో మాత్రం గట్టి అభిప్రాయం ఉండేది. ఆట రూల్స్ రాసే పని ఎఫ్ఏది. లీగ్ పని మ్యాచ్‌లు సవ్యంగా జరిపించడం. ఈ గీత దాటి లీగ్ పెత్తనం చేయకూడదు. డబ్బు, బలం ఉన్న సంఘం పెట్టిన మనిషి నోట ఇలాంటి మాట రావడం అరుదే.

ఇక ఆయన క్లబ్ సంగతి. 1894, 1896, 1897, 1899, 1900, 1910.. ఆయన బతికుండగానే విల్లా ఆరుసార్లు లీగ్ గెలిచింది. 1897లో అయితే లీగ్, ఎఫ్ఏ కప్పు రెండూ ఒకే సీజన్‌లో కొట్టేసింది. ఆ ఏడాదే పెర్రీ బార్‌లోని పాత గ్రౌండ్ వదిలి కొత్త చోటుకు మారింది. ఇవాళ్టి విల్లా పార్క్ అదే. ఖచ్చితమైన తేదీలు, నిలకడైన గేటు డబ్బు లేకపోతే అంత పెద్ద మైదానానికి ఏ క్లబ్బూ ధైర్యం చేయలేదు. ఉత్తరంలో పెట్టిన లెక్క ఇటుకలుగా మారడానికి తొమ్మిదేళ్లు పట్టిందన్నమాట.

1911 డిసెంబర్ 20న మెక్‌గ్రెగర్ బర్మింగ్‌హామ్‌లో కన్నుమూశారు. వయసు 65. హ్యాండ్స్‌వర్త్‌లోని సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో అంత్యక్రియలు జరిగాయి. ఆవిరి ఇంజిన్‌ను తీర్చిదిద్దిన జేమ్స్ వాట్ సమాధి కూడా ఆ చర్చిలోనే ఉంది. ఆయనా స్కాట్లాండ్ నుంచి బర్మింగ్‌హామ్ వచ్చి స్థిరపడినవారే. ఆవిరి రైళ్లే లేకపోతే శనివారం పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి వేరే ఊళ్లో మ్యాచ్ ఆడటం కుదిరే పని కాదు. ఇద్దరూ ఒకే చోట ఉండటం యాదృచ్ఛికమే.. కానీ బాగా కుదిరింది.

ఆయన తర్వాత షెడ్యూల్ ఎవరి చేతికి?

క్లబ్బులు పెరిగేకొద్దీ తేదీలు కుదర్చడం ఒక పెద్ద లెక్కల పజిల్ అయిపోయింది. ఒకే ఊళ్లోని రెండు క్లబ్బులకు ఒకే రోజు సొంత గ్రౌండ్‌లో మ్యాచ్ పడకూడదు. పోలీసులు, రైళ్లు, బస్సులు.. అన్నీ చూసుకోవాలి. ఏ జట్టూ వరసగా బయటే ఆడుతూ తిరగకూడదు. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో లాంకషైర్ లాయర్ చార్లెస్ సట్‌క్లిఫ్ సొంత పద్ధతిలో చేత్తోనే చార్టులు వేసి ఈ పని చేశారు. ఆయన తర్వాత కొడుకు అందుకున్నారు.

ఈ లిస్టుకు ఎంత విలువ వచ్చిందంటే, కోర్టుల దాకా వెళ్లింది. మ్యాచ్ ఫలితాల మీద పందేలు కాయించే పూల్స్ కంపెనీలు ఈ షెడ్యూల్ మీదే బతికేవి. వాటిని దెబ్బకొట్టాలని 1936లో లీగ్ ఏకంగా షెడ్యూల్‌నే రహస్యంగా ఉంచేసింది! ఎవరితో ఆడుతున్నారో చివరి దాకా చెప్పలేదు. జనం రావడం తగ్గిపోయింది, క్లబ్బులు గగ్గోలు పెట్టాయి. కొద్ది వారాల్లోనే లీగ్ వెనక్కి తగ్గింది. ముందే తెలిసిన తేదీ లేకపోతే ఏమవుతుందో మెక్‌గ్రెగర్ 1888లోనే చెప్పారు. ఆయన పెట్టిన సంస్థే ఆ పాఠం మర్చిపోయి మళ్లీ నేర్చుకుంది. 1959లో ఇంగ్లండ్ హైకోర్టు షెడ్యూల్‌పై కాపీరైట్ లీగ్‌దేనని తీర్పిచ్చింది. దాంతో పూల్స్ కంపెనీలు డబ్బు కట్టాల్సి వచ్చింది. 2012లో యూరప్ న్యాయస్థానం మాత్రం, తేదీలు పేర్చడంలో ఎంత శ్రమ ఉన్నా సృజన లేకపోతే కాపీరైట్ రాదని తేల్చింది.

ఇప్పుడు ఆ పని కంప్యూటర్లది. 1992లో ప్రీమియర్ లీగ్ విడిపోయినా లెక్క మాత్రం పాతదే. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో రెండుసార్లు. ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, 380 మ్యాచ్‌లు. దాని కింద మూడు డివిజన్లలో 24 జట్ల చొప్పున 1,656 మ్యాచ్‌లు. మొత్తం 2,036. అంత పెద్ద లిస్టు వెనక ఉన్నది మాత్రం, సొంత గ్రౌండ్‌లో ఒకటి, అవతలి గ్రౌండ్‌లో ఒకటి అన్న ఆ బట్టల వ్యాపారి ఉత్తరమే.

ఆ లిస్టు ఆగిపోయిన రోజులూ ఉన్నాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లో లీగ్ నిలిచిపోయింది. 1963 చలికాలంలో గ్రౌండ్లు గడ్డకట్టి, ఎఫ్ఏ కప్పు మూడో రౌండ్ ఒక్కటే పూర్తవడానికి 66 రోజులు పట్టింది. 2020 మార్చిలో కరోనా దెబ్బకు మొత్తం ఆగిపోయింది. ఆగిపోయే ముందు జరిగిన ఆఖరి ప్రీమియర్ లీగ్ మ్యాచ్ మార్చి 9న లెస్టర్, ఆస్టన్ విల్లా మధ్య. సరిగ్గా వంద రోజుల తర్వాత జూన్ 17న మళ్లీ మొదలైన తొలి మ్యాచ్ కూడా విల్లాదే. షెఫీల్డ్ యునైటెడ్‌తో, విల్లా పార్క్‌లో.

ఆ సాయంత్రం లోపల ఒక్క ప్రేక్షకుడు లేడు. స్కోరు 0-0. స్టేడియం బయట మాత్రం 2009లో పెట్టిన మెక్‌గ్రెగర్ కంచు విగ్రహం ఎప్పట్లాగే నిలబడి ఉంది.